మొరవ పోయిన ఏడు ఆట లేదు

అరవయ్యో ఏడు సావనీరుకు
క్లబ్బు చరిత్ర రాయమన్నారు నన్ను.
మినిట్స్ పుస్తకం తెరిచినాను.
చెదలు తినంగా మిగిలింది తొంభై పేజీలు.

మొదటి పేజీలో చెంగల్రాయుడు డ్రిల్లు అయ్యోరి చేతిరాత:
"బంగారుపాళెం యంగ్ మెన్స్ హాకీ క్లబ్బు.
సభ్యులు పదమూడు మంది. కట్టెలు ఆరు.
మైదానం: నక్కలచెరువు, నీళ్ళు లేనప్పుడు."

ఆ ఆఖరి మూడు మాటలే మా చరిత్రంతా.

ఊరంతా మబ్బుకు దండం పెట్టేటప్పుడు
పదమూడు మంది పిలకాయలు
లోలోపల ఇంకోరకంగా మొక్కుకునేవాళ్ళు.
చెరుకు నిలువునా ఎండినోడి కొడుకే
మాకు సెంటర్ ఫార్వర్డు.
నాయన చల్లారిన గానుగ కాడ కూర్చోనుంటే
వీడు పెరట్లో చింతకొమ్మ కాల్చి వంచతా ఉండె,
దొంగమాదిరి.

బంతి, వెదురు దుంప.
నెర్రెలో పడితే ఫ్రీ హిట్టు. అది మా రూలు,
ఏ పుస్తకంలోనూ లేదు.
గోలు కాడ ఏసురత్నం.
ప్యాడ్లు కొనే దుడ్లు లేక
గోనెసంచుల్లో శెనక్కాయ పొట్టు కూరి కాళ్ళకు కట్టుకున్నాడు.
తిరుపతి కాలేజీ వాళ్ళు మొదటి సగమంతా నవ్వినారు.
రెండో సగం నవ్వలేదు.

కరువు ముదిరిన ఏడు బోరు బండి వచ్చింది.
దాంతో ఒక స్వీడన్ దొర, పేరు బెంగ్ట్.
నోరు తిరక్క బెంగిటయ్య అన్నాము.
పొద్దుగూకితే కట్టమీద కూర్చొని మా ఆట చూసేవాడు.
ఒకనాడు దిగొచ్చి కట్టె అడిగి తీసుకున్నాడు,
కొంకిని బొటనవేలితో నిమిరినాడు,
ఏదో చెప్పడం మొదలుపెట్టినాడు.

ఖాదర్ బాషా తర్జుమా:
"వాళ్ళూర్లో గూడా చెరువులోనే ఆటంట.
చలికి నీళ్ళు రాయి అయిపోతాయంట.
బూట్ల కింద కత్తులు బిగించుకొని దానిపైన పరుగంట.
పక్కకు పదకొండు మంది, ఇట్లాంటివే కొంకికట్టెలు,
బంతి మాత్రం ఎర్రగా ఉంటాదంట.
వాళ్ళ తాత పెట్టిన క్లబ్బంట.
చలి చాలని ఏడు ఆట లేదంట."

ఎవురూ నమ్మలేదు.
ఏసురత్నం ఒక్కడే అడిగినాడు:
"కింద చేపలుంటాయా?"
ఉంటాయన్నాడు దొర.
ఆ రాత్రి వానికి నిద్ర పట్టలేదంట,
కాళ్ళ కింద చేపలు తిరగతా ఉంటే
గోలు ఎట్ల కాసేదా అని.

ఆ నెల మినిట్స్‌లో ఇంతే ఉండాది:
"రెండు వందల అరవై అడుగుల కాడ నీళ్ళు పడినాయి.
దొరకు దండ వేసినాము.
ఆట యథాప్రకారం."

తర్వాత పేజీలు చాలా లేవు.
ఉన్నవాట్లో మునిలక్ష్మి తీర్మానం ఒకటి,
ఆడపిల్లల జట్టు వచ్చి ఐదేండ్లాయె, బోర్డు మార్చాలని.
వాయిదా. వాయిదా. కోరం లేక వాయిదా.
ఒక ఆదివారం ఆమే నిచ్చెన వేసుకొని
'మెన్స్' పైన సున్నం పూసేసింది.
ఇప్పుడు మా పేరులో
యంగ్‌కూ హాకీకీ మధ్య తెల్లగా ఒక జాగా.
అది ఏ పేజీలోనూ లేదు. ఇక్కడ రాస్తా ఉండాను.

అరవయ్యేండ్ల పండగ మ్యాచ్‌కు కార్డులు అచ్చేసినాము,
షామియానాకు అడ్వాన్సు ఇచ్చినాము.
పదకొండు రాత్రులు వాన.
పద్దెనిమిదేండ్ల తర్వాత నక్కలచెరువు మొరవ పోయింది.
గోలుకొయ్యలు జానెడు మాత్రం పైకి,
ఒకదానిపైన లకుముకిపిట్ట.

అయినా వచ్చినారు జనం.
ఏసురత్నం వచ్చినాడు, మనవని భుజం పట్టుకొని,
పాత కట్టె ఇంకో చేతిలో.
గోలు ఉండాల్సిన దిక్కు చానాసేపు చూసి
"ఇప్పుడుంటాయి కింద" అన్నాడు.
పిలకాయలకు అర్థం కాలేదు.
పక్కన కయ్యల్లో మడవలు తిప్పుతా
ఎవురో గట్టిగా తిట్టుకుంటా ఉండారు, సంతోషంతో.

మినిట్స్ నేను రాసినాను:
"మ్యాచ్ లేదు. నీళ్ళుండాయి.
హాజరు నలభై ఒక్క మంది.
ఎవురికీ అభ్యంతరం లేదు."

చివరి వాక్యం కొట్టేసినాను.
మునిలక్ష్మి దిక్కు చూసి
మళ్ళా రాసినాను.